పాత ఐసీలు కొనే ముందు ఒక్క మాట

అందరికీ నమస్తే. పాత ఐసీల (ఎలక్ట్రానిక్ చిప్‌ల) కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లేవాళ్లు ఇది చదివి వెళ్లండి. ఐసీ ఎప్పుడు తయారైందో చెప్పే నాలుగంకెల డేట్ కోడ్ దాని మీద ఉంటుంది, ముందు అది చూడాలి. 8432 అంటే 1984లో 32వ వారం. 555 టైమర్ అనే ఐసీ వచ్చిందే 1972లో, కాబట్టి దాని మీద 69తో మొదలయ్యే కోడ్ కనిపిస్తే అది నకిలీ అనుకుని దండం పెట్టి వచ్చేయండి. 7404 దగ్గర మాత్రం తికమక పడొద్దు, అది డేట్ కాదు, ఇన్వర్టర్ ఐసీ (ఇంట్లో కరెంటు ఇన్వర్టర్ కాదు, సిగ్నల్‌ని తిరగేసే చిప్) నంబరే కావచ్చు (మొదట్లో నేనూ బోల్తా పడ్డాను).

పోయిన నెల ఆన్‌లైన్‌లో "ఒరిజినల్" అని కొన్న ప్లాస్టిక్ 8085 మైక్రోప్రాసెసర్ ఐసీని అసిటోన్ దూదితో తుడిస్తే దూదంతా నల్లబడింది, కింద అరగదీసిన గీతలు! అంటే అసలు పేరు అరగదీసి, నల్ల రంగు పూసి, కొత్త పేరు వేశారన్నమాట. డబ్బులు గోవిందా.

పైన గాజు కిటికీ ఉన్న ఈప్రామ్‌ల (ప్రోగ్రామ్ దాచే మెమరీ ఐసీల) మీద స్టిక్కర్ పీకొద్దు. ఎండ తగులుతూ ఉంటే లోపలి ప్రోగ్రామ్ మెల్లగా చెరిగిపోతుంది.

ఐసీలను పాత నల్ల ఫోమ్‌లో గుచ్చి దాచినవాళ్లు ఈ ఆదివారమే తీసి చూడండి. ఆ ఫోమ్ పొడిపొడి అయి ఐసీ కాళ్లకు (పిన్నులకు) తుప్పు పట్టిస్తుంది. ఐసీలు దాచుకునే యాంటీ స్టాటిక్ ట్యూబులు (స్టాటిక్ కరెంటు నుంచి కాపాడేవి) నా దగ్గర కొన్ని మిగిలాయి, కావాల్సినవాళ్లు చెప్పండి.