పంచాంగం పక్కన ఆటుపోట్ల వేళలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది గంజాం జిల్లా బరంపురం. మీ పేపరు మాకు శ్రీకాకుళం పేజీలతో వస్తుంది. మా నాన్నగారు ముందు తిథి, వర్జ్యం చూసుకుని ఆ తర్వాతే మొదటి పేజీకి వెళ్తారు. ఆ పంచాంగం పక్కన ఇంకో రెండు లైన్లు వేయమని అడగడానికే ఈ ఉత్తరం, కాకపోతే ముందు కెనడా సంగతి కొంచెం చెప్పాలి.

పోయిన జూన్‌లో మా మేనల్లుడు పట్టుబట్టి వాంకోవర్ దీవి పడమటి ఒడ్డున ఉన్న వెస్ట్ కోస్ట్ ట్రయిల్‌కి తీసుకెళ్లాడు. మొత్తం 75 కిలోమీటర్లు, వారం నడక. 1906లో వాలెన్షియా అనే ఓడ అక్కడి రాళ్లకు కొట్టుకుని వందమందికి పైగా పోయారట, ఆ తర్వాత ఓడ మునిగినవాళ్లను కాపాడటానికి బాగుచేసిన దారి అది. ఎక్కి దిగే నిచ్చెనలే వందకు పైగా ఉంటాయి. కొన్ని వాగులైతే తీగకు వేలాడే తొట్టిలో కూర్చుని, మనమే తాడు లాక్కుంటూ దాటాలి. మొదటి రాత్రే వాన పట్టుకుంది. మన తుఫాను వానలా కుమ్మేసి పోయేది కాదు, చలిగాలితో రోజంతా సన్నగా పడుతూనే ఉంటుంది. తడిసిన బూట్లు ఆరవు, నాచు పట్టిన దుంగల మీద కాలు నిలవదు. నేను రెండుసార్లు వెల్లకిలా పడి, వీపున మూట ఉండటంతో తిరగబడ్డ తాబేలులా కొట్టుకున్నాను (వాడు ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాడు, అది వేరే విషయం).

అక్కడ బయల్దేరే ముందు అందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెబుతారు, ఎలుగుబంట్ల మాట సరే, నాకు గుర్తుండిపోయింది ఆటుపోట్ల పట్టిక. ఓవెన్ పాయింట్ దగ్గర గుహల్లోంచి నడవాలంటే నీళ్లు బాగా తగ్గిన వేళే వెళ్లాలి. రెండో రోజు పట్టికలో చూసిన టైముకే మేం అక్కడికి చేరాం. చూస్తే గుహలో ఇంకా అలలు కొడుతున్నాయి. వానకి సముద్రం పెరిగిపోయిందేమోనని నాకు ఒకటే టెన్షన్. వెనకాల వచ్చిన ఒకావిడ మా ముఖాలు చూసి, "గంట కలిపారా?" అంది. అప్పట్లో వేసవిలో వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుకునేవారు, పట్టిక మాత్రం పాత టైములోనే ఉండేది. బయల్దేరే ముందు చెప్పారు కూడా, మాకే గుర్తులేదు. రాళ్ల మీద తడుస్తూ, బరంపురం నుంచి మోసుకెళ్లిన అటుకుల మిక్చర్ తింటూ గంట కూర్చున్నాం. నీళ్లు వెనక్కి పోయాయి, గుహలోంచి నడిచిపోయాం.

ఇప్పుడు మన సంగతి. గోపాల్‌పూర్ మాకు పదహారు కిలోమీటర్లు. అక్కడ చేపల వేట చేసే నొలియాలు, అంటే మన తెలుగువాళ్లే, తిథి చెబితే చాలు పోటు ఎప్పుడో చెప్పేస్తారు. ఊళ్లో ఉండే మాకు మాత్రం ఏమీ తెలియదు. కార్తీక పున్నమికి పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటబెట్టుకుని చీకటితోనే సముద్ర స్నానానికి పోతాం, పోటు పెద్దగా ఉండేవి పున్నమి, అమావాస్యల రోజులే అని ఆలోచించం. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరిగిపోతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు.

వేళలు వేస్తే మునకలన్నీ ఆగిపోతాయని నేను అనను, మనిషిని లోపలికి లాగేసే ప్రవాహం గొడవ వేరే. దానికి అలల హెచ్చరిక కూడా ఉండాలి. ఆ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఎక్కడో లేదు, హైదరాబాద్‌లోనే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు అచ్చు వేస్తుంది. బంగారం ధర రోజూ వేస్తున్నారు, సముద్రం ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు తగ్గుతుందో కూడా గోపాల్‌పూర్‌కీ, కళింగపట్నానికీ వేయండి. చోటు లేదంటే రాశిఫలాల్లో తలా ఒక ముక్క తగ్గించండి, మా నాన్నగారికి నేను సర్దిచెప్పుకుంటాను. పైగా మన గడియారాలు ఏడాదంతా ఒకటే, గంట కలుపుకునే బాధ కూడా లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా