మన సంఘం వార్షిక నివేదిక: క్యాన్సర్ బాధితులకు తోడుగా, హనుమకొండ

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు సభలోనే చదివి వినిపించాం, పత్రం ఆఫీసు గోడకు అంటించి ఉంది. ఇక్కడ పని సంగతులే.

ఈ ఏడు మన డబ్బు మందులకు పోయింది, మన పొద్దంతా నోటుబుక్కులకు పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందురోజు పేషెంటు పక్కన కూర్చుని, అడగాల్సినవి వాళ్ల మాటల్లోనే రాసుకోవడం: ఏ స్టేజి, ఆపరేషన్ ముందా కీమో ముందా, నయమయ్యేందుకా, నొప్పి తగ్గేందుకా. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అక్క తరఫున ఇద్దరు కొడుకులే మాట్లాడుతున్నారు. డాక్టరు లేవబోతుంటే ఆమె కొంగుముడి విప్పి కాగితం తీసింది. "మిరపకాయ ఏరే నాటికి లేచి తిరుగుతనా సారూ?" ఆయన మళ్లీ కూర్చున్నారు. 21 రోజులకోసారి కీమో, ఎక్కించిన రెండో వారంలో రోగాలను అడ్డుకునే తెల్లకణాలు బాగా తగ్గుతాయి, ఆ రోజుల్లో చేనుకు పోవద్దు అంటూ అదే కాగితం మీద తేదీలు వేసిచ్చారు. ఆ తేదీలు చూశాకే ఆమె సరేనంది. ఆ ప్రశ్న కొడుకులకే కాదు, మాకూ తట్టలేదు.

ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు పాకుతుందన్న భయం ఊళ్లలో ఇంకా పోలేదు. పసరు మందు తాగేవాళ్లను మనం తిట్టడం మానేశాం, తిడితే దాచిపెడతారు. డాక్టరుకు చెప్పమంటున్నాం, అంతే. నోరు పూసినవాళ్లకు గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి పుక్కిలించడం, పచ్చళ్లు మానడం చెప్పాం. మొదటిది వింటారు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. సద్దుల బతుకమ్మ రాత్రి కీమోలో ఉన్న ఒకాయనకు జ్వరం వస్తే వాళ్లింటివాళ్లు మన నంబరుకు చేశారు, ఎవరమూ ఎత్తలేదు. గోలీ వేసి పడుకోబెట్టారు. రెండు రోజులు ఆలస్యమై ఐసీయూ దాకా పోయింది, బతికి బయటపడ్డాడు. 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దని ఇప్పుడు ప్రతి నోటుబుక్కు అట్ట మీదా ఎర్ర పెన్నుతో రాస్తున్నాం. ఫోను డ్యూటీ పండుగలకూ వంతులవారీగా పెట్టాం.

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు రైలు రాయితీ ఫారం ఆసుపత్రిలో సంతకం చేయించుకోండి. స్లీపరులో పేషెంటుకు చార్జీ మొత్తం మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గుతుంది. చాలామందికి తెలియక కాజీపేటలో జనరల్ పెట్టె ఎక్కుతున్నారు.

చికిత్స అయిపోయినవాళ్లు సంఘం థర్మామీటర్లు తిరిగి ఇవ్వాలి. వచ్చినవాటిలో రెండింటికి బ్యాటరీ మూతల్లేవు.

— కార్యదర్శి