మార్క్ బ్లోక్ గురించి సగమే రాశారు

సంపాదకుడు గారికి,

ఫ్రాన్స్‌కు చెందిన మధ్యయుగాల చరిత్రకారుడు మార్క్ బ్లోక్‌కు పారిస్‌లోని పాంథియాన్ (ఆ దేశం తన మహనీయులకు కట్టిన స్మారక మందిరం) గౌరవంపై గత వారం మీరు వేసిన వార్త చూశాను. తుపాకులు, జైలు అన్నీ ఉన్నాయి. జీవితమంతా ఆయన చేసిన పనికి మాత్రం 'చరిత్ర ప్రొఫెసర్' అన్న రెండు మాటలే దక్కాయి. పైగా 'యుద్ధరంగంలో మరణించారు' అని రాశారు. అది తప్పు. 1944 మార్చి 8న లియోన్‌లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆయన్ను పట్టుకుంది. చిత్రహింసలు పెట్టి, మోన్‌లూక్ జైల్లో ఉంచి, జూన్ 16న ఒక పల్లె పొలంలో మిగతా బందీలతో పాటు కాల్చి చంపింది. ఏ మామూలు జీవితచరిత్ర తిరగేసినా దొరికే సంగతిని కూడా సరిచూసుకోరా?

ఆయన సైనిక జీవితాన్నీ చరిత్ర రచననూ విడదీసి రాయడం అంతకన్నా పెద్ద లోపం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి సార్జెంటుగా వెళ్లి కెప్టెన్‌గా తిరిగొచ్చిన ఈ మనిషి కందకాల్లో పుకార్లను పరిశీలించాడు. 1917లో ఆయన దళానికి ఒక జర్మన్ సైనికుడు చిక్కాడు. అతనిది బ్రెమెన్ నగరం, ఫ్రెంచివాళ్లు 'బ్రెమ్' అంటారు. కబురు వెనక దళాలకు చేరేసరికి అది 'బ్రెన్' అయింది. బ్రెన్ ఫ్రెంచి సైన్యం వెనకే ఉన్న ఊరు. ఇంకేముంది, యుద్ధానికి ముందే అక్కడ వ్యాపారిగా కాపురం పెట్టిన గూఢచారి దొరికాడని కథ అల్లేశారు. ఇలాంటివి పెరిగేది ముందువరుసలో కాదు, వంటలు చేసే చోట అని బ్లోక్ గుర్తించాడు. తిండి మోసుకెళ్లడానికి వేర్వేరు దళాలవాళ్లు కలిసేది అక్కడే మరి. 1921లో దీని మీద వ్యాసం రాశాడు. రాజు చేయి తగిలితే గండమాల (మెడ గడ్డల జబ్బు) నయమవుతుందని ఫ్రాన్స్, ఇంగ్లండ్ ప్రజలు వందల ఏళ్లు ఎందుకు నమ్మారని 1924లో పెద్ద గ్రంథమే తెచ్చాడు. రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: నిజం కానిదాన్ని జనం ఎందుకు నమ్ముతారు?

పల్లెల మీద ఆయన పని ఇంకా గొప్పది. ఉత్తర ఫ్రాన్స్‌లో చక్రాలున్న బరువు నాగలి. చాలు చివర దాన్ని మళ్లించడం కష్టం కాబట్టి చేలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. దక్షిణాన తేలిక నాగలి. నిలువుగా, అడ్డంగా దున్నవచ్చు, మడి చదరంగా ఉన్నా ఇబ్బంది లేదు. అయితే అంతా నాగలితోనే తేలిపోదని, కోత కాగానే ఊరి పశువులన్నీ అందరి చేలల్లో మేసే ఆచారాన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. పశువులు తిరగాలంటే కంచె ఉండకూడదు కదా. 18, 19 శతాబ్దాల భూమి పటాలు ముందేసుకుని, తెలిసిన కాలం నుంచి తెలియని కాలానికి వెనక్కి నడవడం ఆయన పద్ధతి.

ఇది మనకెందుకంటారేమో! మన ఎఫ్.ఎం.బి.లు (పొలాల కొలతల పుస్తకాలు), పాత గ్రామ పటాలు, ఖాస్రా పహాణీలు (భూమి, సాగు వివరాల రికార్డులు), కైఫీయతులు (ఊళ్ల పాత వృత్తాంతాలు) సరిగ్గా ఆ పనికొచ్చే సరుకే. కార్యాలయాల్లో అవి మూటల్లోనే చెదపడుతుంటే, చరిత్ర పాఠం తేదీల బిట్లకు కుదించుకుపోయింది. స్కాన్ చేయించండని అడిగితే 'కోర్టు కేసుకా?' అంటారు అధికారులు. భూమి తగాదాకు తప్ప పాత కాగితం ఎందుకూ కొరగాదనే ఆ ధోరణి చూస్తే ఒళ్లు మండుతుంది.

1939లో ఆయనకు 53 ఏళ్లు, ఆరుగురు పిల్లలు. తప్పించుకోగలిగీ మళ్లీ యూనిఫాం వేసుకున్నాడు. ఒక సైన్యానికి పెట్రోలు సరఫరా చూశాడు, ఫ్రాన్స్ రేవు డంకర్క్ మీదుగా ఇంగ్లండు చేరి వెంటనే వెనక్కొచ్చాడు. 1940 వేసవిలోనే ఫ్రాన్స్ ఓటమికి కారణాలు రాశాడు. జర్మన్ల వేగాన్ని అందుకోలేని సేనాపతుల ఆలోచనను తప్పుపట్టాడు, తన తరం మేధావులనూ వదల్లేదు. అది 1946లో గానీ అచ్చుకాలేదు.

మీ ఆదివారం అనుబంధంలో ఆయన పల్లె చరిత్ర పద్ధతికి ఒక పూర్తి పేజీ కేటాయించండి. మరణం గురించి రాసిన తప్పుకు సవరణ మాత్రం అంతవరకు ఆపకుండా రేపే వేయండి.

– ఒక చరిత్ర అధ్యాపకుడు, తెనాలి