ఆదివారం పాఠం: యోహాను రెండవ పత్రిక

అందరికీ వందనాలు. ఈ ఆదివారం చదివేది బైబిల్ కొత్త నిబంధనలోని యోహాను రెండవ పత్రిక, అంటే రెండో ఉత్తరం. ఉన్నది 13 వచనాలే, ఇంటి దగ్గర ఒకసారి చదివి రండి.

‘ఇది రాసిన యోహాను ఎవరు?’ అని నిన్న అడిగారు కదా. కొత్త నిబంధనలో ఆయన పేరు మీద అయిదు పుస్తకాలున్నా, ‘యోహానను నేను’ అని రచయిత పేరు చెప్పుకున్నది ప్రకటన గ్రంథంలోనే. మొదటి పత్రికలో పేరూ లేదు, పలకరింపూ లేదు, నేరుగా విషయమే. రెండు, మూడు పత్రికలు రాసినాయన తనను ‘పెద్ద’ అని మాత్రమే చెప్పుకున్నాడు. ఆ పెద్ద యేసు శిష్యుడైన జెబెదయి కుమారుడు యోహానేనా, మరో యోహానా అన్న వాదన ఈనాటిది కాదు. మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ గ్రీకు శైలిని పోల్చి చూసి, సువార్త రాసిన చేయి, ప్రకటన రాసిన చేయి ఒకటి కావన్నాడు. అలాగని ప్రకటనను తోసిపుచ్చలేదు. నాకు ఆయనలో నచ్చేది అదే.

12వ వచనం ఆగి చదవండి. చెప్పవలసినవి చాలా ఉన్నాయట, కానీ సిరాతో రాయడం ఇష్టం లేదట, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాడట!

మొదటి వచనంలోని ‘అమ్మగారు’ ఒక స్త్రీయా, సంఘమా? మీ అభిప్రాయంతో రండి.