చరిత్ర–సినిమా పేపరును సగానికి కోయకండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

విజయవాడ, గుంటూరు డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చెప్పే అధ్యాపకులం నమస్కరించి రాసుకుంటున్నాం.

చారిత్రక సినిమాలను ఆధారాలతో పోల్చి చదివించే చరిత్ర–సినిమా పేపరు సంగతి మీకు మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు. ఫైలు మీ పేషీలోనే ఉంది. అర్జీ మీద అర్జీ ఇచ్చాం, రసీదులు తీసుకున్నాం, జవాబు మాత్రం లేదు. పేపరు మంజూరైందని విని సంతోషించాం. తీరా సిలబస్ చేతికొచ్చాక చూస్తే ప్రాక్టికల్ భాగమంతా ఎగిరిపోయింది. సినిమా చూడడం, తప్పుల జాబితా రాయడం, చివర బిట్ పేపరు. మిగిలింది అంతే. సినిమా ఏ సంవత్సరం విడుదలైందో, హీరో ఎవరో అడగడానికి చరిత్ర అధ్యాపకులు దేనికండీ?

తప్పులు ఏరడం ఈ పనిలో అన్నిటికంటే సులువైన భాగం. అల్లూరి 1924లో, కొమురం భీం 1940లో చనిపోయారు, ఇద్దరూ కలిసినట్టు ఆధారం లేదు. ‘ఆర్ఆర్ఆర్’ చూసిన పిల్లలు ఈ మాట మొదటి గంటలోనే చెప్పేస్తారు. తీసినవాళ్లు కూడా అది కల్పనేనని ముందే చెప్పుకున్నారు. అక్కడితో ఆగిపోతే ఏం నేర్చుకున్నట్టు?

1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలో రాజు మరణాన్నే తీసుకోండి. తెర మీద బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్ ఎదురుగా నిలబడి రాజు మాట్లాడతారు. చరిత్రలో 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు మరణించినప్పుడు ఆయన ఉన్నది మేజర్ గూడాల్ అధీనంలో. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు కథనం. చెట్టుకు కట్టేసి కాల్చారని మన్యం చెప్పుకుంది, బుర్రకథలు అదే పాడాయి. విద్యార్థి ముందు ఇప్పుడు మూడు కథనాలున్నాయి: సర్కారుది, జనానిది, సినిమాది. సర్కారు కాగితం నిజం, మిగతా రెండూ అబద్ధం అని రాసేస్తే ఆ పిల్లవాడు తెల్లదొర రిపోర్టును కళ్లు మూసుకుని నమ్మినట్టే. కాల్చినవాళ్లు తమను కాపాడుకోవడానికి రాసుకున్న కాగితం అది. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎందుకు రాశారు అని ముందు దాన్ని అడగాలి. అవే ప్రశ్నలు బుర్రకథకూ, సినిమాకూ వేయాలి. మీ కొత్త సిలబస్‌లో ఈ పనికి ఒక్క గంట కూడా లేదు.

మేం పంపిన ప్రాక్టికల్ పద్ధతి పెద్ద ఖర్చుది కాదు. ఒక్కో విద్యార్థికి ఒక్క సన్నివేశం చాలు. దాని పట్టికలో నాలుగు గళ్లు: రికార్డులో ఉన్నది, జనం నోట ఉన్నది, అంతకుముందే నాటకంలోనో నవలలోనో వచ్చినది, సినిమావాళ్లు కొత్తగా చేర్చినది. పిల్లలు తడబడేది మూడో గడి దగ్గర. దర్శకుడి కల్పన అనుకున్నది చాలాసార్లు పాత నాటకం నుంచి వచ్చినదై ఉంటుంది. అది తేలాలంటే పాత పత్రికలు తిరగేయాలి. పాత పత్రికలున్న వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం మనకు దగ్గరే. విద్యార్థులు అక్కడికి వెళ్లిరావడానికి అడిగిన బస్సు ఖర్చును కూడా కొట్టేశారు.

ఇక సినిమా కాపీల గోడు. హార్డ్ డిస్కులో మంచి కాపీలు ఇస్తామన్నారు, యూట్యూబ్ లింకుల జాబితా పంపారు. వాటిలో కొన్ని అప్పుడే తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నవి పూర్తి సినిమాలో కావో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. మొదట్లో కనిపించే సెన్సార్ సర్టిఫికెట్లో సినిమా నిడివి ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే 16,000 అడుగుల సినిమా దాదాపు 178 నిమిషాలు. టీవీ కోసం సెకనుకు 24 ఫ్రేముల బదులు 25 చొప్పున నడిపిన కాపీ అయితే 171 నిమిషాలకే అయిపోతుంది, అది కోత కాదు. అంతకంటే తగ్గితే ఎక్కడో కత్తెర పడ్డట్టే. 1974 ‘అల్లూరి’ సినిమాస్కోపు, అంటే వెడల్పు తెర చిత్రం. ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పున్న బొమ్మను 1.33 రెట్లు వెడల్పున్న పాత టీవీ తెర నిండా నింపితే పక్కల నుంచి ఐదింట రెండు వంతులకు పైగా, అంటే 43 శాతం బొమ్మ పోతుంది. ఆ పక్కల్లోనే గిరిజనుల గుంపు ఉంటుంది. అలాంటి కాపీ చూసి, ‘సినిమాలో నాయకుడే ఉన్నాడు, జనం లేరు’ అని పిల్లలు రాస్తే మార్కులు ఎలా కొట్టేయాలి?

కాలేజీలో సినిమా వేస్తే కాపీరైట్ గొడవ వస్తుందని నోటి మాటగా చెప్పి పంపారు. విద్యాసంస్థలో, విద్యార్థులూ సిబ్బందీ తల్లిదండ్రులే ప్రేక్షకులుగా, చదువులో భాగంగా వేసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. దయచేసి మీ న్యాయ సలహాదారులను ఒకసారి అడగండి.

రుద్రమదేవి మాట కూడా చెప్పనివ్వండి. మీరు రోజూ వచ్చే వెలగపూడి సచివాలయం పొరుగునే మల్కాపురం ఉంది. అక్కడ 1261 నాటి శాసన స్తంభం. రుద్రమదేవి శైవగురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామం ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ రాబడితో మఠం, పాఠశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. 2015 నాటి ‘రుద్రమదేవి’ సినిమా చూసిన విద్యార్థికి కత్తి పట్టిన రాణి తెలుసు. మగపిల్లవాడిలా పెంచారన్న కథ ఎందుకు పుట్టిందో కూడా వెతికితే దొరుకుతుంది, శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల రుద్రదేవ మహారాజు. మార్కోపోలో అయితే ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు, ఆమె గణపతిదేవుడి కూతురు. ఆ కాలపు యాత్రికుడే పొరబడ్డాడంటే ఆధారాన్ని ఎలా చదవాలో పిల్లలకు అర్థమవుతుంది. ప్రసూతిశాల కట్టించిన రాజ్యం తెర మీద ఎందుకు కనిపించదో అడగడం వాళ్లకు నేర్పాలనే మా తాపత్రయం. ఆ స్తంభం ముందు వాళ్లను నిలబెట్టకుండా ఎలా నేర్పమంటారు?

వారానికి రెండు గంటలిచ్చారు. మూడు గంటల సినిమా రెండు వారాలు మింగేస్తుంది, సగంలో ఆపిన సినిమా మళ్లీ మొదలుపెట్టేసరికి రాసుకున్న నోట్సు పనికిరాదు. నెలకొకసారి వరసగా నాలుగు గంటలు ఇప్పించండి. కిటికీలకు నల్ల తెరలున్న గది, ప్రొజెక్టర్, పూర్తి నిడివి కాపీలు ఇప్పించండి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి మన్యం రికార్డుల నకళ్లు ఒక్క సెట్టు తెప్పించండి. విజయవాడ గాంధీనగర్‌లో పాత సినిమా పంపిణీ ఆఫీసులు ఖాళీ చేసేటప్పుడు పాటల పుస్తకాలూ స్టిల్సూ తూకానికి పోతున్నాయి. ప్రింటు మిగలని సినిమాల కథ తెలిసేది వాటి వల్లే, వాటినైనా కొని ఒకచోట పెట్టించండి.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే బిట్ పేపరు తీసేసి, విద్యార్థి పట్టికకు మార్కులు వేసే ఉత్తర్వు ఒక్కటి ముందు ఇవ్వండి. దానికి రూపాయి కూడా ఖర్చు లేదు. సెమిస్టర్ మొదలయ్యేలోపు వస్తే చాలు, మిగతావాటి కోసం మళ్లీ అర్జీ పెట్టుకుంటాం.

భవదీయులు,
చరిత్ర అధ్యాపకులు,
విజయవాడ, గుంటూరు