కేస్ షీట్ అడిగిన పాపానికి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా అమ్మ కేస్ షీట్ ఇవ్వకుండా తిప్పుతున్నందుకు ఫిర్యాదు

అయ్యా,

ముందుగా మీకు థ్యాంక్స్ చెప్పాలి. మొన్న మా అమ్మ పుట్టినరోజుకి మీ ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. ఆవిడ నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా ఉండాలట, ఫుల్ బాడీ చెకప్ మీద డిస్కౌంట్ కూడా ఇస్తారట. ఆ సమయానికి ఆవిడ వేరే ఆసుపత్రిలో ఉంది. మీ దగ్గర జరిగిన ఆపరేషన్ని సరిచేయడానికి ఇంకో పెద్ద ఆపరేషన్ చేయించుకుని, పొట్టకి పైపు పెట్టుకుని పడుకుంది. పుట్టినరోజు గుర్తున్న మీ కంప్యూటర్‌కి ఆవిడ కేస్ షీట్ ఎక్కడుందో మాత్రం గుర్తు లేదు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. పిత్తాశయంలో రాళ్ళన్నారు, తీసేశారు, ఇంటికి పంపారు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, చలిజ్వరం మొదలైంది. మళ్ళీ తీసుకొస్తే మీ డ్యూటీ డాక్టర్ "గ్యాస్ అండీ, కాస్త నడిపించండి" అని మాత్రలు రాసిచ్చాడు. పిత్తాశయం నాళానికి వేయాల్సిన క్లిప్ కాలేయం నుంచి పిత్తరసం తెచ్చే పెద్ద నాళానికి పడిందని రెండో ఆసుపత్రిలో తేలింది. ఆ నాళాలు దగ్గరదగ్గరగా ఉంటాయని, ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా అప్పుడప్పుడు ఇలా జరుగుతుందని అక్కడి సర్జనే చెప్పారు. సరే అనుకున్నాం. మీవాళ్ళలో ఒక్కరు ఎదురుగా కూర్చుని "ఇలా అయిందండీ" అని ఉంటే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు.

కేస్ షీట్ కాపీ కావాలని రిసెప్షన్‌లో అడిగాను. సెల్లార్‌లో పార్కింగ్ పక్కన రికార్డుల సెక్షన్ ఉందన్నారు. అక్కడ కిటికీ వెనక ఉన్న కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే పేషెంటే స్వయంగా రావాలన్నాడు. పైపుతో ఉన్న మనిషిని సెల్లార్‌కి ఎలా తెమ్మంటావు బాబూ అంటే "రూల్ సార్" అన్నాడు. అమ్మ చేత ఉత్తరం రాయించి, సంతకం పెట్టించి, ఆధార్ జిరాక్స్ జతచేసి తెచ్చాను. ఉత్తరం తెల్లకాగితం మీద ఉందట, వాళ్ళ ఫారం మీదే ఉండాలట. ఫారం పీఆర్వో దగ్గర ఉంటుందట. పీఆర్వో మీటింగ్‌లో ఉన్నారట. ఏ పూట వెళ్ళినా ఆ మీటింగ్ నడుస్తూనే ఉంది. దేశ బడ్జెట్‌కి కూడా అంత చర్చ జరగదు.

చివరికి పీఆర్వో గారు దొరికారు. చాలా మంచి మనిషి. "మీరు మా ఫ్యామిలీ సార్" అని కాఫీ తెప్పించారు. నేను చెప్పిందంతా ఒక పేపరు అంచు మీద రాసుకున్నారు. నేను లేచేలోపే ఆ పేపరు మడిచి కాఫీ కప్పు కింద పెట్టారు. తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు.

ఇక కస్టమర్ కేర్. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని పాట వేస్తారు. పాట అయ్యాక ఒక అమ్మాయి పేరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు), సమస్య అన్నీ మొదటి నుంచి చెప్పించుకుని టికెట్ నంబరు ఇస్తుంది. కేస్ షీట్ స్కానింగ్‌కి వెళ్ళిందని ఒకమ్మాయి, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ఉందని ఇంకో అమ్మాయి, అసలు డిశ్చార్జి సమ్మరీ ఉండగా కేస్ షీట్ ఎందుకని మరో అమ్మాయి. ఆ సాయంత్రమే ఫోన్‌కి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, దయచేసి ఐదు స్టార్లు ఇవ్వండి!

విచిత్రం ఏమిటంటే బిల్లు మాత్రం ఎప్పుడడిగినా అరనిమిషంలో ప్రింటై వస్తుంది. దూది, గ్లౌజులు, సిరంజిలు ఒక్కోటి లెక్కగా ఉంటాయి. ఆపరేషన్ గదిలో వాడిన ప్రతి సూదీ మీకు గుర్తుంది, అక్కడ ఏం జరిగిందో రాసిన కాగితం మాత్రం కనబడదు.

మేము మీకు కొత్తవాళ్ళం కాదు. మీది రెండంతస్తుల నర్సింగ్ హోమ్‌గా ఉన్నప్పటి నుంచి వస్తున్నాం. మా ఇద్దరు పిల్లలూ మీ దగ్గరే పుట్టారు. నాన్నగారికి స్టెంట్ మీరే వేశారు. ఊళ్ళో ఎవరికి ఏ నొప్పి వచ్చినా బెజవాడ వెళ్ళి మీ దగ్గరే చూపించుకోమని పంపింది నేను. అప్పట్లో పెద్ద డాక్టరు గారు రౌండ్స్ అయ్యాక వరండాలో నిలబడి పేషెంట్ల తాలూకు వాళ్ళందరికీ విషయం చెప్పేవారు. ఇప్పుడు ఆయన ఫోటో లాబీలో ఉంది, దండతో సహా. ఆ వరండాలో కాఫీ షాపు పెట్టారు.

మీ లీగల్ సెక్షన్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, "కన్సెంట్ మీద సంతకం పెట్టారు కదా, కాంప్లికేషన్ మీద కేసు నిలబడదు" అన్నారు. కేసు మాట నేను ఎత్తలేదు, ఎత్తింది ఆయనే. ఎత్తారు కాబట్టి మా బాబాయిని అడిగాను, కోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పెట్టిన సంతకం నిర్లక్ష్యానికి ఇచ్చిన లైసెన్సు కాదన్నారు. డాక్టరు మీద క్రిమినల్ కేసుకి ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. నష్టపరిహారం సంగతి వేరు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని అదే కోర్టు 1995లోనే తేల్చింది. హైదరాబాద్‌లో మలేరియా శాఖ ఉద్యోగి భార్యకే మలేరియా ఉంటే ఒక ఆసుపత్రి టైఫాయిడ్ వైద్యం చేసింది. తప్పు కళ్ళకి కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో ఆ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1990లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత కాళ్ళు పడిపోయిన ఇంజనీరింగ్ విద్యార్థి సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకుని 2009లో కోటి రూపాయలు గెలిచాడు. అన్నేళ్ళు పోరాడే ఓపిక నాకుందా అని మీవాళ్ళు లెక్కేసుకుంటున్నట్టున్నారు. మీ కస్టమర్ కేర్ పాట వినీ వినీ ఓపిక బాగానే అలవాటైంది.

రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. అందులో స్కానింగ్ గురించి, ఫారం గురించి, పీఆర్వో మీటింగ్ గురించి ఏమీ లేదు. కాబట్టి కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, మేము సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం మొత్తం కాపీలు ఇవ్వండి. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు మా అమ్మ ముందు కూర్చుని మాట్లాడాలి. రెండో ఆపరేషన్ ఖర్చు సంగతి ఏం చేస్తారో మీరే ఆలోచించుకోండి.

ఇవ్వకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. మా ఊరు ఆ జిల్లాలోనే కాబట్టి అక్కడే వేయవచ్చు. మీ బిల్లు ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. రెండేళ్ళ గడువులో ఇంకా చాలా మిగిలి ఉంది. ఈ ఉత్తరం కాపీలు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

దీని మీద ఫోన్ చేసేవాళ్ళెవరైనా ముందు ఉత్తరం మొత్తం చదివి చేయమనండి. "మీ సమస్య ఏంటి సార్" అని మళ్ళీ మొదటి నుంచి అడిగితే ఫోన్ పెట్టేస్తాను. కాఫీ కూడా వద్దు.

ఇట్లు,
మీ "ఫ్యామిలీ" మెంబరు
(పేరు, ఐపీ నంబరు కవరు మీద ఉన్నాయి)