కస్తూరిదేవి బడి గోడల కోసం విద్యాశాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మ నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయంలో చదువుకుంది. మా ఇంట్లో సంతకం పెట్టడం నేర్చిన మొదటి మనిషి ఆమే. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

1923లో ఆ బడిని స్థాపించిన పొణకా కనకమ్మ గారికి బడి చదువు లేదు. చిన్నతనంలోనే పెళ్లయింది. చదివినదంతా ఇంట్లో స్వయంకృషితో చదివినదే. తనకు అందని బడిని ఊళ్లో ఆడపిల్లలకు అందించారామె. మగపిల్లల చదువే గగనమైన రోజుల్లో అదెంత సాహసమో ఇవాళ మనకు ఊహకైనా అందదు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన సత్యాగ్రహాశ్రమానికి స్థలం ఇచ్చినదీ ఆమే. బడికి కస్తూరిబా పేరు పెట్టుకున్నారు. 1929లో గాంధీజీ నెల్లూరు వచ్చినప్పుడు భవనానికి ఆయన చేతనే శంకుస్థాపన చేయించారు. ఆ తరువాత ఉప్పు సత్యాగ్రహంలో కనకమ్మ గారు జైలుకు వెళ్లారు.

ఇలాంటి బడి మన రాష్ట్రంలో ఎన్ని ఊళ్లకు ఉంది?

అయ్యా, పాత బడి అనగానే మనవాళ్లకు కొత్త భవనమే గుర్తుకొస్తుంది. పిల్లలకు వసతులు కావాలి, కాదనను. కానీ మరమ్మతు అనే మాటతో చరిత్రను చెరిపేయకూడదు. గానుగ సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి ఉండదు, ఇటుక పొట్టు రాలిపోతుంది. సముద్రపు గాలి తగిలే మన జిల్లాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అందుచేత అక్కడ ఏ పని మొదలుపెట్టినా ముందు పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీర్లను పంపించండి. గది గదికీ కొలతలు, ఫొటోలు తీయించి భద్రపరచండి. కనకమ్మ గారి కథను జిల్లాలోని పిల్లలందరికీ పాఠంగా చెప్పించండి.

అన్నింటికన్నా ముందు పాత అడ్మిషన్ రిజిస్టర్లను వెతికించండి. చెదలు తినకముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వాటిలో ఒక పేజీలో మా అమ్మ పేరు, ఆమెను చేర్పించిన మా తాతయ్య వేలిముద్ర ఉండాలి.

నమస్కారాలతో,
ఒక పూర్వ విద్యార్థిని కూతురు,
నెల్లూరు